పల్చటి వేఫర్, ఎనిమిది శాతం చిల్లు: ఒక టాప్‌కాన్ లాట్ కేస్ స్టడీ

150 మైక్రాన్ల వేఫర్‌తో (సిలికాన్ పలకతో) నడుస్తున్న టాప్‌కాన్ లైన్‌లో (వెనక సన్నటి ఆక్సైడ్, దాని మీద పాలీసిలికాన్ పొర ఉండే సోలార్ సెల్ లైన్‌లో) 130 మైక్రాన్ల వేఫర్ పెడితే కరెంటు ఎంత పడిపోతుంది? మా టేబుల్ మీదికి వచ్చిన ప్రశ్న ఇంతే. కొనుగోలు వాళ్లకు సిలికాన్ ఆదా కావాలి. ప్రొడక్షన్ వాళ్లకు బ్రేకేజ్ భయం. సేల్స్ వాళ్లకు ప్యానెల్ మీద ఒక్క వాట్ కూడా తగ్గకూడదు. నా పని సెల్ ఆప్టిక్స్, క్యారెక్టరైజేషన్. ట్రయల్ లాట్ (పరీక్షకు చేసిన సెల్స్ గుంపు) ఐవీ టెస్టర్ (సెల్ కరెంటు, వోల్టేజీ కొలిచే యంత్రం) ఎక్కకముందే నష్టం ఎంత ఉండాలో కాగితం మీద తేల్చాలని నేను పట్టుబట్టాను. ముందుగా ఒక అంకె చేతిలో లేకపోతే, తర్వాత వచ్చిన అంకె ఎక్కువో తక్కువో ఎవరూ చెప్పలేరు. అప్పుడు గట్టిగా మాట్లాడినవాడి మాటే నెగ్గుతుంది.

ఈ లెక్కకు ఏ హద్దు వాడాలన్న దగ్గరే చాలామంది తడబడతారు. సోలార్ సెల్ హద్దు అనగానే అందరి నోటా వచ్చేది షాక్లీ–క్వైసర్. 1961లో వాళ్లు వేసిన లెక్కలో, బ్యాండ్ గ్యాప్‌ను (ఎలక్ట్రాన్‌ను విడిపించడానికి కావాల్సిన కనీస శక్తిని) మించిన శక్తి ఉన్న ప్రతి ఫోటాన్‌నూ సెల్ మింగేస్తుందన్నది ముందే ఒప్పుకున్న షరతు. నేటి ప్రమాణ సౌర వర్ణపటంతో ఆ లెక్క వేస్తే 1.34 ఎలక్ట్రాన్ వోల్ట్ గ్యాప్ దగ్గర 33.7 శాతం సామర్థ్యం వస్తుంది. మందం అన్న మాటే అందులో లేదు. మాకు కావాల్సింది ఆ ముందు షరతు గురించే: ఇంత మందం సిలికాన్ ఇచ్చినప్పుడు అది కాంతిని ఎంతవరకు మింగగలదు?

సిలికాన్ ఈ విషయంలో మహా బద్ధకస్తురాలు. పరోక్ష బ్యాండ్ గ్యాప్ కాబట్టి అంచు దగ్గర ఫోటాన్‌ను పట్టుకోవాలంటే లాటిస్ (స్ఫటికంలో పరమాణువుల అమరిక) కంపనం కూడా కలిసిరావాలి. 600 నానోమీటర్ల కాంతి రెండున్నర మైక్రాన్ల లోపే మూడింట రెండొంతులు ఆరిపోతుంది. 1000 నానోమీటర్ల దగ్గర అదే పనికి 156 మైక్రాన్లు కావాలి. 1050 దగ్గర 600 మైక్రాన్లు దాటుతుంది. 1100 దగ్గర దాదాపు 2.9 మిల్లీమీటర్లు, 1150 దగ్గర సెంటీమీటరున్నర. 1200 దగ్గరికి వస్తే దాదాపు అర మీటరు. ఈ ఆఖరి అంకెను గుర్తుంచుకోండి, కేసు తేలింది దాని మీదే.

దీన్నిబట్టి 150 మైక్రాన్ల పలక గుండా కాంతి నిట్టనిలువుగా ఒక్కసారి వెళ్లిపోతే 1000 దగ్గర 62 శాతం, 1050 దగ్గర 22 శాతం, 1100 దగ్గర 5 శాతం మాత్రమే చిక్కుతుంది. మిగిలింది వెనక నుంచి బయటికి పోతుంది. అందుకే కాంతిని లోపలే తిప్పి తిప్పి ఉంచాలి. ఎంతకాలం తిప్పగలం అన్నదానికి ఒక పైకప్పు ఉంది.

వెనక తలం కాంతిని అన్ని దిక్కులకూ వెదజల్లాలన్న ఆలోచనను 1981లో గోట్జ్‌బర్గర్ ముందుకు తెచ్చాడు. మరుసటి ఏడాది, అప్పట్లో ఎక్సాన్ పరిశోధనశాలలో ఉన్న ఎలీ యాబ్లోనోవిచ్ దానికి ఖచ్చితమైన హద్దు తేల్చాడు. పలక లోపల కాంతి పూర్తిగా గజిబిజి అయిపోయి, ఏ దిక్కుకూ పక్షపాతం లేకుండా నిండిందనుకుందాం. ఉష్ణగతిక సమతుల్యత ప్రకారం లోపలి కాంతి తీవ్రత బయటికన్నా వక్రీభవన గుణకం వర్గం రెట్లకు మించదు. వెనక అద్దం ఉంటే ఇంకో రెండు రెట్లు. ఏటవాలు దారుల వల్ల సగటు పొడవు మరో రెండు రెట్లు. ఆ గుణకాన్ని ఎన్ అంటే, మొత్తం 4ఎన్². సిలికాన్‌కు ఆ గుణకం పరారుణంలో 3.54 కాబట్టి ఈ హద్దు సుమారు 50 రెట్లు. సెల్ తలం మీద చెక్కే సూక్ష్మ పిరమిడ్లు ఏ ఆకారంలో ఉన్నా, వెదజల్లే పూత ఏదైనా, పలక మందం తరంగదైర్ఘ్యం కన్నా బాగా ఎక్కువగా ఉన్నంతకాలం అన్ని దిక్కుల సగటు మీద దీన్ని దాటలేం.

యాభై రెట్లు అన్న రూపం షాపు ఫ్లోర్ మీద పనికిరాదని నా అభిప్రాయం. అది వినగానే ఇంకా బోలెడు జాగా ఉందన్న భ్రమ పుడుతుంది. నేను దీన్ని చిల్లుకుండ లెక్కలా చెబుతాను. లోపల తిరుగుతున్న కాంతి పైనుంచి కిందికి, కిందినుంచి పైకి ఒక రాకపోక చేసిన ప్రతిసారీ ముందు తలం దగ్గర దానిలో ఒక భాగం సందిగ్ధ కోణానికి (అంతకన్నా ఏటవాలుగా తగిలిన కాంతి బయటికి పోలేని హద్దుకు) లోపల పడి కారిపోతుంది. సిలికాన్ నుంచి గాలిలోకి ఆ కోణం 16.4 డిగ్రీలు. అన్ని దిక్కులకూ పరుచుకున్న కాంతిలో ఆ శంకువులో పడేది వక్రీభవన గుణకం వర్గంలో ఒక వంతు, అంటే 8 శాతం. ఈ చిల్లును పూడ్చలేం. కాంతి లోపలికి వచ్చే దారి కూడా అదే.

ఇక మిగిలింది పోటీ. ఒక్క రాకపోకలో సిలికాన్ తాగేది ఎంత, చిల్లుల్లో పోయేది ఎంత? 150 మైక్రాన్ల పలకలో 1100 నానోమీటర్ల దగ్గర సిలికాన్ వంతు ఒక రాకపోకకు 21 శాతం. వెనక అద్దం మచ్చలేనిదైతే 21కి ఎదురు 8. అంటే 29లో 21, దాదాపు 72 శాతం చిక్కుతుంది. 5 శాతం నుంచి 72కి వచ్చామన్నమాట. అదీ పైకప్పు.

ఇప్పుడు వెనక అద్దానికి మచ్చలు పెట్టండి. అది 95 శాతమే ప్రతిఫలిస్తే 5 శాతం కొత్త చిల్లు, చిక్కేది 62 శాతం. 90 అయితే 54. వెనకంతా అల్యూమినియం పేస్టు అంటుకున్న పాతకాలం సెల్‌లో లోపలి ప్రతిఫలనం 65 దగ్గర ఉంటుందనుకుంటే చిక్కేది మూడో వంతే. అద్దమే లేని బైఫేషియల్ సెల్‌కైతే (రెండు వైపులా కాంతి తీసుకునేది, మాదీ అదే) వెనక కూడా మరో 8 శాతం చిల్లు, చిక్కేది 57 శాతం. పైకప్పు సగానికి, 2ఎన్²కి దిగిపోతుంది. అద్దం తీసేసినా, 92 శాతం ప్రతిఫలించే అద్దం పెట్టినా లెక్కలో తేడా లేదని చెబితే మా ప్రాసెస్ ఇన్‌ఛార్జి నమ్మలేదు. “ఏంటి సార్, 92 అంటే మంచి అద్దమే కదా!” ఒక్కసారి తగిలి పోయే కాంతికి మంచిదే. పదే పదే వచ్చి తగిలే కాంతికి ఆ 8 శాతం ముందున్న 8 శాతంతో సమానమైన చిల్లు.

ఇదే పద్ధతిలో ప్రమాణ వర్ణపటాన్ని తీసుకుని 900 నుంచి 1200 నానోమీటర్ల దాకా కూడితే అంకెలు తేలాయి. ఆదర్శ పైకప్పు దగ్గర 150 నుంచి 130కి దిగితే నష్టం చదరపు సెంటీమీటరుకు సుమారు 0.15 మిల్లీఆంపియర్. మాలాగా వెనక తెరిచి ఉన్న సెల్‌కు కొంచెం ఎక్కువ, 0.17 దరిదాపు. అదే 130 మైక్రాన్ల దగ్గర రెండు చిల్లుల సెల్‌కూ ఒక చిల్లు సెల్‌కూ మధ్య తేడా ముప్పాతిక మిల్లీఆంపియర్‌కు పైనే. ఈ రెండో అంకెను నేను మీటింగులో బోర్డు మీద పెద్దగా రాశాను. మందం గురించి ఇంత చర్చ జరుగుతోంది గానీ, వెనక తలంలో దానికి నాలుగైదు రెట్ల సరుకుంది.

మందం తగ్గడం పూర్తిగా నష్టమే కాదన్నది కూడా లెక్కలో పెట్టాం. అదే కాంతికి తక్కువ ఘనపరిమాణం అంటే ఎలక్ట్రాన్లు, హోల్స్ (ఎలక్ట్రాన్లు వదిలిన ఖాళీలు) చిక్కగా ఉంటాయి, వోల్టేజీ పెరుగుతుంది. పునఃసంయోగమంతా (ఆ రెండూ మళ్లీ కలిసి వృథా కావడం) వేఫర్ లోపలే జరిగితే 150 నుంచి 130కి మహా అయితే మూడు నాలుగు మిల్లీవోల్టులు. తలాల దగ్గర జరిగితే సున్నా. రిక్టర్, హెర్మ్‌లే, గ్లుంజ్ 2013లో సిలికాన్ సెల్ సైద్ధాంతిక గరిష్ఠాన్ని 29.43 శాతంగా లెక్కగట్టినప్పుడు దానికి అనువైన మందం 110 మైక్రాన్లు, కరెంటు 43.31 మిల్లీఆంపియర్, వోల్టేజీ 761 మిల్లీవోల్టులు. కాంతి లోపల బాగా తిరిగే సెల్‌లో 130 అన్నది భయపడాల్సిన మందం కాదన్నమాట. వాళ్ల లెక్కలో వెనక మచ్చలేని అద్దం ఉంది, మాకు లేదు. ఆ తేడాను కొనుగోలు వాళ్లకు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

ట్రయల్ లాట్ వచ్చింది. కరెంటు తగ్గుదల 0.35 మిల్లీఆంపియర్ దగ్గర తేలింది. లెక్కకు రెట్టింపు. వోల్టేజీలో రావాల్సిన చిన్న లాభం కూడా రాలేదు.

ఇక్కడ ఎవరి కథ వాళ్లు చెప్పారు. పల్చటి వేఫర్ అంటే అంతే, సిలికాన్ తక్కువైతే కాంతి తక్కువ చిక్కుతుంది అన్నది ప్రొడక్షన్ మాట. ముందు తలం మీద ప్రతిఫలనం తగ్గించే నైట్రైడ్ పూత మందం కదిలిందని ఇంకొకరు. ఇదే అదనుగా ఒక బయటి సలహాదారు ముందు తలానికి నానో గ్రేటింగ్ (అతి సన్నని గీతల వరస) పెడితే 4ఎన్² హద్దునే దాటొచ్చని స్లైడ్లు చూపించాడు. ఆ స్లైడ్ల సంగతి తర్వాత.

క్వాంటం ఎఫిషియెన్సీ (ఒక్కో తరంగదైర్ఘ్యం దగ్గర ఎన్ని ఫోటాన్లు కరెంటుగా మారాయన్న కొలత) తీస్తే 900 నానోమీటర్ల దాకా రెండు లాట్ల గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. దాంతో ముందు తలం, నైట్రైడ్, ఎమిటర్ (ముందున్న బోరాన్ పొర) అనుమానితుల జాబితాలోంచి బయటపడ్డాయి. తేడా అంతా 1000 పైన. కానీ మందం వల్ల వచ్చే తేడా కూడా అక్కడే కనబడాలి, వెనక చిల్లు వల్ల వచ్చేదీ అక్కడే. గీత ఆకారం చూసి ఏది ఎంతో కంటితో విడదీయడం కష్టం.

1200 నానోమీటర్లు అక్కరకొచ్చింది ఇక్కడే. ఆ తరంగదైర్ఘ్యం దగ్గర సిలికాన్‌కు కాంతిని మింగడానికి అర మీటరు దారి కావాలి. యాభై రెట్ల పైకప్పు దగ్గర కూడా 150 మైక్రాన్ల పలకకు దొరికేది ఏడున్నర మిల్లీమీటర్లు. చిక్కేది ఒకటిన్నర శాతం. కాబట్టి అక్కడ 150 అయినా 130 అయినా సిలికాన్ గాజుపలకతో సమానం. లోపలికి వెళ్లిన కాంతికి మూడే దారులు: ముందు చిల్లు, వెనక చిల్లు, లేదా డోపింగ్ ఎక్కువగా ఉన్న పొరల్లో, లోహంలో వృథాగా వేడెక్కడం. ఆ చోట రెండు లాట్ల మధ్య ప్రతిఫలనంలో తేడా ఉంటే దానికి మందం కారణం కాలేదు. ఇది మాత్రం వాదనకు తావులేని మాట.

స్పెక్ట్రోఫోటోమీటర్ గోళంలో (అన్ని దిక్కులకూ పోయే కాంతిని పోగుచేసి కొలిచే గోళంలో) పెట్టి చూస్తే పాత లాట్ 1200 దగ్గర సగానికి కాస్త పైనే వెనక్కి ఇచ్చింది. పల్చటి లాట్ నలభై దగ్గరే ఆగింది. వెనక నుంచి బయటికి వచ్చే కాంతి అదే మేర పెరిగింది. రెండూ కలిపి వందలోంచి తీసేస్తే మిగిలే వృథా భాగం రెండు లాట్లలో దాదాపు సమానం. వెనక ఉండే పాలీసిలికాన్ పొరలో స్వేచ్ఛా వాహకాలు (బంధం లేకుండా తిరిగే ఎలక్ట్రాన్లు) పరారుణాన్ని తినేస్తాయన్నది టాప్‌కాన్‌కు పాత జబ్బే గనక అది మందమైందేమోనని నాకు అనుమానం ఉండేది. ఈ కొలతతో అదీ తీరింది. కాంతి వేడిగా మారలేదు, వెనక నుంచి వెళ్లిపోయింది.

నమ్మనివాళ్ల కోసం ఇంకో చవక పరీక్ష చేశాం. సెల్ వెనక ఒకసారి నల్లటి షీటు, ఒకసారి తెల్లటి టెఫ్లాన్ పలక పెట్టి అదే ప్రతిఫలనం కొలిచాం. తెల్లది పెట్టగానే రెండు లాట్లూ పెరిగాయి, పల్చటి లాట్ ఎక్కువ పెరిగింది. ఇక్కడ ఐవీ టెస్టర్ల గురించి ఒక మాట చెప్పాలి. సెల్‌ను కూర్చోబెట్టే ఇత్తడి పీటకు బంగారు పూత ఉంటే అది పరారుణానికి అద్దమే. బైఫేషియల్ సెల్ వెనక నుంచి పోయిన కాంతిని తిరిగి లోపలికి తోసి కరెంటును అందంగా చూపిస్తుంది. బైఫేషియల్ కొలతల ప్రమాణం ఐఈసీ 60904-1-2 ఒకవైపు కొలతలో వెనక పడే కాంతి చదరపు మీటరుకు 3 వాట్ల లోపు ఉండాలని అడిగేది ఇందుకే. మా పీట నల్లటిది. మెరిసే పీట మీద ఈ లాట్‌ను కొలిచి ఉంటే 0.35లో సగం కనబడకుండా పోయి, తప్పు మాడ్యూల్ (ప్యానెల్) అయ్యాక బయటపడేది.

కారణం మైక్రోస్కోప్ కింద దొరికింది. మా లైన్‌లో టెక్స్చర్ బాత్ (తలాన్ని గరుకు చేసే రసాయన తొట్టి) వేఫర్ రెండు వైపులా పిరమిడ్లు పెడుతుంది. బోరాన్ డిఫ్యూజన్ (బోరాన్‌ను తలంలోకి ఎక్కించడం) అయ్యాక వెనక వైపును క్షారంలో పాలిష్ చేసి చదును చేస్తారు, ఆపైన టన్నెల్ ఆక్సైడ్ (ఆ సన్నటి ఆక్సైడ్ పొర), పాలీ (పాలీసిలికాన్) వస్తాయి. పల్చటి వేఫర్ ఇంకా పల్చబడి విరుగుతుందన్న జాగ్రత్తతో ట్రయల్ లాట్‌కు పాలిష్ సమయం తగ్గించారు. వెనక చేరిన బోరాన్ పొర పోయేంతసేపు ఉంచారు గానీ పిరమిడ్ల మొదళ్లు చదునయ్యేంతసేపు కాదు. చిత్రంలో అవి చతురస్రాకారపు గట్ల మాదిరి, చదును నేల మీద అక్కడక్కడా స్పష్టంగా కనబడ్డాయి.

ఆ గట్లు ఎందుకంత చేటు చేస్తాయో ఒక కిరణం వెంట వెళ్తే తెలుస్తుంది. ముందు పిరమిడ్ ముఖం 54.7 డిగ్రీల వాలులో ఉంటుంది. నిలువుగా వచ్చిన కిరణం ఆ ముఖం గుండా లోపలికి వంగి, వేఫర్ లంబానికి దాదాపు 41 డిగ్రీల కోణంలో సాగుతుంది. వెనక చదునుగా ఉంటే అది 41 డిగ్రీలతోనే తగులుతుంది. సందిగ్ధ కోణం గాలికి 16. నైట్రైడ్‌కు చూసుకున్నా 35 లోపే. కాబట్టి సంపూర్ణాంతర పరావర్తనం ఖాయం, లోహపు అద్దం లేకుండానే మొదటి దెబ్బకు కాంతి మొత్తం పైకి తిరుగుతుంది. ముందు తలానికి వెళ్లి పిరమిడ్లకు తగిలాకే గజిబిజి మొదలు. అంటే చదును వెనక ఉన్న బైఫేషియల్ సెల్ రెండు వైపులా పూర్తిగా వెదజల్లే సెల్ కన్నా ఒక మెట్టు పైనుంచే ఆట మొదలుపెడుతుంది. వెనక గట్టు వాలి ఉంటే అదే కిరణం ఆ వాలుకు పది పదిహేను డిగ్రీల కోణంలో తగలొచ్చు. తగిలిందంటే మొదటి ప్రయాణంలోనే బయటికి. ఇక్కడ పోయేది చిల్లులో మిగిలిపోయిన ఎనిమిది శాతం కాదు, అప్పుడే లోపలికి వచ్చిన తాజా కాంతి.

వోల్టేజీ లాభం ఎందుకు రాలేదో కూడా దీనితోనే అర్థమైంది. గట్ల వల్ల వెనక తలం వైశాల్యం పెరిగింది, పునఃసంయోగానికి చోటు పెరిగింది.

పాలిష్ సమయాన్ని పాత స్థాయికి తెచ్చి మళ్లీ లాట్ నడిపించాం. పూర్తయిన సెల్ ఇంకొన్ని మైక్రాన్లు పల్చబడింది, అయినా కరెంటు నష్టం 0.2 దగ్గరికి దిగింది. 1200 దగ్గర ప్రతిఫలనం పాత లాట్‌తో కలిసింది. ఇంకా సిలికాన్ తీసేస్తే కరెంటు పెరిగిందన్న ఫలితం చూసి ప్రొడక్షన్ హెడ్ నవ్వి, “లెక్క మీది, బ్రేకేజ్ మాది” అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది. బాత్ తర్వాత వేఫర్లను ఎత్తే సక్షన్ కప్పుల ఒత్తిడి తగ్గించడం, క్యారియర్ మార్చడం వాళ్ల వైపు పని.

ఇక నానో గ్రేటింగ్ స్లైడ్లు. వాటిలో చూపిన శాస్త్రం తప్పు కాదు. యు, రామన్, ఫాన్ 2010లో తరంగ సిద్ధాంతంతో చూపించింది అదే: శోషక పొర తరంగదైర్ఘ్యం కన్నా పల్చనైనప్పుడు కాంతిని దానిలోకి కుక్కి 4ఎన్²ను దాటవచ్చు. తరంగదైర్ఘ్యానికి దగ్గరి అంతరం ఉన్న గ్రేటింగ్‌తో కొన్ని కోణాలకు పరిమితమై కూడా దాటవచ్చు. మా పలక సంగతి వేరు. 1100 నానోమీటర్ల కాంతికి సిలికాన్‌లో అర తరంగం 155 నానోమీటర్లు. 130 మైక్రాన్లలో అలాంటివి ఎనిమిది వందలకు పైగా పడతాయి. అన్ని మోడ్‌లు (కాంతి పలక లోపల నిలవగల తరంగ రూపాలు) కలిసి సగటు తీసుకుంటే మళ్లీ పాత కిరణాల లెక్కే వస్తుంది. కోణం కుదించి లాభం తెచ్చుకోవడమంటే, సూర్యుడు ఆ సన్నని శంకువులో ఉన్నంతసేపే లాభం. పొలంలో, డాబా మీద కదలకుండా పడి ఉండే ప్యానెల్‌కు పొద్దున్న, సాయంత్రం, మబ్బు వెలుతురు అన్నీ కావాలి. ప్రతిపాదనను పక్కన పెట్టమని రాశాను. కొన్ని మైక్రాన్ల సిలికాన్ ఫిల్మ్ మీద పనిచేసేవాళ్లెవరైనా అవే స్లైడ్లు తెస్తే కుర్చీ వేసి వింటాను.

మాడ్యూల్ టీమ్ నుంచి ఒక మంచి ప్రశ్న వచ్చింది: సెల్ మీద గ్లాసు, ఎన్‌క్యాప్సులెంట్ (సెల్‌ను గ్లాసుకు అంటించే పొర) వస్తే ముందు చిల్లు పెద్దదవుతుంది కదా? గాజు గుణకం 1.5 కాబట్టి సిలికాన్ నుంచి గాజులోకి పోయే భాగం 8 కాదు, 18 శాతం. నిజమే. కానీ అందులో ఏటవాలుగా ఉన్నదంతా గాజు–గాలి సరిహద్దు దగ్గర తిరిగి కిందికే వస్తుంది. చివరికి గాలిలోకి జారేది మళ్లీ 8 శాతమే. గాజు, ఎన్‌క్యాప్సులెంట్ మధ్యలో మింగేది అదనపు నష్టం. వెనక గ్లాసు మీద తెల్ల పూత ఉన్న మాడ్యూల్‌లో రెండో చిల్లు కొంత పూడుతుంది, బదులుగా వెనక నుంచి వచ్చే వెలుతురు పోతుంది. ఆ బేరం సైటును బట్టి ఉంటుంది, సెల్ ఆప్టిక్స్ దాన్ని తేల్చలేదు.

ఇప్పుడు 130 లైన్ మీద నడుస్తోంది. ప్రతి కొత్త బాత్ రసాయనం తర్వాత కొన్ని సెల్స్‌ను 1200 దగ్గర నల్ల షీటు మీద కొలవడం తప్పనిసరి చేశాం. కొనుగోలు వాళ్లు అప్పుడే 110 అడుగుతున్నారు. వెనక చదునుగా ఉంటే మరో 0.2 మిల్లీఆంపియర్ పైచిలుకు పోవాలని లెక్క రాసి ఇచ్చాను. పాలీ పొరను పల్చబరిచి వృథాగా వేడెక్కే వంతును తగ్గిస్తే అందులో కొంత తిరిగి రావాలి. లోహపు పేస్టు పాలీని చీల్చుకుని కిందికి దిగకుండా ఎంత పల్చన చేయొచ్చో మెటలైజేషన్ వాళ్లు చెప్పాలి.